ఎలుకలో కాలేయ మార్పిడి: చేతికి పనితనం ఎలా తెచ్చుకోవాలి

ఎలుకకు కాలేయం మార్చే ఆపరేషన్ నేర్చుకునేవాళ్లు ముందుగా ఒక అంకె బుర్రలో పెట్టుకోవాలి. 20 నిమిషాలు. పేగుల నుంచి పాత కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిరకు క్లాంపు వేసి మూసిన క్షణం నుంచి, కొత్త కాలేయంలోకి రక్తం వదిలే క్షణం దాకా మీకు ఉండే గడువు అది. ఆ గడువులో పేగుల్లోకి వెళ్లిన రక్తం వెనక్కి రాదు. పేగులు ఉబ్బుతాయి, నీలంగా మారతాయి, గుండెకు చేరే రక్తం తగ్గి బీపీ పడిపోతుంది. 20 నిమిషాల లోపు ముగిస్తే ఎలుక తట్టుకుంటుంది, 15కు దించగలిగితే ఇంకా మంచిది. 25 దాటి 30 వైపు పోతే, కుట్లు ఎంత అందంగా పడ్డా ఆ జంతువు బతకడం కష్టం.

మన పాలమూరు, నల్లగొండ వైపు మెడికల్ కాలేజీల్లో, ఫార్మసీ కాలేజీల్లో ఉంటూ ఈ పని నేర్చుకోవాలని ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఆ 20 నిమిషాల పనిని ప్రాణమున్న ఎలుక మీద నేర్చుకోకూడదు. దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ప్రాణం లేని వాటి మీద చేతికి అలవాటు చేసుకోవాలి. చేయి రాకముందే కోసిన ప్రతి ఎలుకా అనవసరంగా పోయిన ప్రాణమే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1973లో అమెరికాలో సన్ లీ బృందం ఎలుకల్లో ఈ ఆపరేషన్‌ను చేసి చూపినప్పుడు రక్తనాళాలన్నింటినీ చేత్తోనే కుట్టారు. చాలా కష్టమైన పని. 1979లో కేంబ్రిడ్జ్‌లో నవోషి కమడా, రాయ్ కాల్న్ కలిసి పోర్టల్ సిరకు కుట్టు బదులు చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క, అంటే కఫ్, వాడే పద్ధతి తెచ్చారు. గడువు తగ్గింది, బతికే ఎలుకలు పెరిగాయి. ఇవాళ చాలా ల్యాబుల్లో చేసేది ఈ కఫ్ పద్ధతే, ఎవరి చేతి అలవాటుకు తగ్గ మార్పులతో. తీసిన కాలేయం చల్లని ద్రావణంలో ఎంతసేపు నిలుస్తుంది, రక్తం తిరిగి వదిలినప్పుడు కణాలు ఎందుకు దెబ్బతింటాయి, శరీరం దాన్ని ఎలా తిరస్కరిస్తుంది అనే ప్రశ్నలకు ఈ ఎలుకల నుంచే చాలా జవాబులు వచ్చాయి.

అనుమతి, జంతువులు, నీళ్లు

కాలేజీ జంతుశాల సీసీఎస్ఈఏ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఇది 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద ఏర్పడిన, జంతు ప్రయోగాలను చూసే కమిటీ. పాత పేరు సీపీసీఎస్ఈఏ. ఎలుకల పనికి మీ సంస్థలోని జంతు నైతికత కమిటీకి ఫారం బి పెట్టి అనుమతి తీసుకోవాలి. ఆ ఫారంలో "సాధన కోసం ఇన్ని, ప్రయోగం కోసం ఇన్ని" అని విడివిడిగా రాయండి. సాధన జంతువుల్ని ప్రయోగం లెక్కలో కలిపేస్తే తర్వాత ఫలితాలూ పాడవుతాయి, నిజాయితీ కూడా పోతుంది.

సాధనకు లూయిస్ లాంటి ఇన్‌బ్రెడ్ జాతి, అంటే దగ్గరి చుట్టరికంలోనే తరతరాలుగా పెంచినందువల్ల దాదాపు ఒకే జన్యువులున్న ఎలుకలు, మంచిది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే జాతి అయితే తిరస్కరణ అనే గొడవ ఉండదు కాబట్టి, ఎలుక పోయిందంటే లోపం చేతిలోనో సంరక్షణలోనో ఉందని తెలుస్తుంది. ఒకదానికొకటి జన్యువులు వేరుగా ఉండే విస్టార్ లాంటి అవుట్‌బ్రెడ్ ఎలుకల్లో ఆ స్పష్టత రాదు. బరువు 220 నుంచి 280 గ్రాముల మధ్య ఉండాలి, దాత కొంచెం తేలికగా ఉండాలి. పెద్ద కాలేయాన్ని చిన్న పొట్టలో ఇరికిస్తే పోర్టల్ సిర మెలిక పడుతుంది.

హైదరాబాద్ నుంచి జంతువుల్ని తెప్పించేటప్పుడు ఎండాకాలంలో తెల్లవారుజామున బయల్దేరే బండే చూడండి. దారిలో ఎండదెబ్బ తిన్న ఎలుక పైకి బాగానే కనిపిస్తుంది, మత్తు ఇచ్చాక దాని సంగతి బయటపడుతుంది. వచ్చాక కనీసం ఒక వారం గదికి అలవాటు పడనివ్వండి.

నల్లగొండ వైపు వాళ్లకు ఇంకో జాగ్రత్త. మర్రిగూడ, మునుగోడు చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ వాళ్లు మన జిల్లా పేరే పెట్టారు. జంతుశాలలో నీళ్లను ఆటోక్లేవ్ చేస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. కాలేయం మీద ప్రయోగం చేస్తూ నెలల తరబడి ఎలుకలకు బోరు నీళ్లు తాపితే, ఫలితాల్లో నీళ్ల వాటా ఎంతో మందు వాటా ఎంతో విడదీయలేం. ఆర్వో నీళ్లు గాని, శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు గాని ఇవ్వండి. అప్పుడప్పుడు పరీక్ష చేయించి ఆ కాగితం ఫైల్లో పెట్టండి.

కోడి తొడ దగ్గర మొదలుపెట్టండి

చికెన్ సెంటర్‌కు పోయి, "అన్నా, లెగ్ పీసు మొత్తం ఇయ్యి, తొడ మీద గాట్లు పెట్టకు" అని అడగండి. ఇంటికో ల్యాబుకో తెచ్చి తొడ లోపలి వైపు కండరాలను మెల్లగా విడదీస్తే నరం, ధమని, సిర పక్కపక్కనే కనిపిస్తాయి. ధమని ఇంచుమించు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. మైక్రోసర్జరీ నేర్పే చోట్ల చాలాకాలంగా వాడుతున్న పద్ధతే ఇది. ఖర్చు తక్కువ, ఏ అనుమతీ అక్కర్లేదు.

మొదట ధమనిని కోసి అతి సన్నటి కుట్టుదారం 8-0 నైలాన్‌తో తిరిగి కుట్టండి. కుట్టాక ఒక చివర నుంచి సిరంజీతో రంగు నీళ్లు ఎక్కించి ఎక్కడ కారుతుందో చూడండి. తర్వాత అసలు నాళాన్ని నిలువునా చీల్చి లోపలి వైపు చూడండి. వెనక గోడ ముందు గోడతో కలిపి కుట్టేశారేమో అక్కడ తెలుస్తుంది. కారకుండా ఉన్నంత మాత్రాన కుట్టు బాగున్నట్టు కాదు, దారి మూసుకుపోయినా కారదు. చాలామంది ఈ చీల్చి చూసే పని ఎగ్గొడతారు. నా లెక్కలో నేర్పంతా దాంట్లోనే ఉంది.

ధమని పట్టుబడ్డాక సిరకు రండి. సిర గోడ పల్చన, పొడిబారితే అతుక్కుపోతుంది. దాన్ని ఫోర్సెప్స్‌తో నిండుగా పట్టుకోకూడదు, బయటి పొరను అంచున మాత్రమే పట్టుకోవాలి. సెలైన్ చుక్కలు వేస్తూ ఉంటే అంచులు వాటంతట అవే తెరుచుకుంటాయి.

కోడి కార్జం కూడా తెచ్చుకోండి. ఎలుక కాలేయం లాగానే అది వేలు గట్టిగా తగిలితే చిట్లుతుంది. దాన్ని తడి గాజుగుడ్డ మీద, తడి దూది పుల్లలతో తిప్పడం, మడవడం, పక్కకు జరపడం సాధన చేయండి. ఎక్కడా చిట్లకుండా అటూ ఇటూ పదిసార్లు తిప్పగలిగితే ఆ చేయి పనికొస్తుంది. పొడి దూది, పొడి గ్లోవు కాలేయానికి శత్రువులు.

చివరి మెట్టు చనిపోయిన ఎలుక. మీ జంతుశాలలో వేరే అనుమతి పొందిన ప్రయోగం ముగిసి, నియమాల ప్రకారం ప్రాణం తీసిన ఎలుకలు ఉంటాయి. కమిటీకి చెప్పి వాటిని అడిగి తీసుకోండి. శరీర నిర్మాణం నేర్చుకోవడానికి అంతకంటే మంచి గురువు లేదు. ఎలుకకు పిత్తాశయం ఉండదనీ, కుడి ఎడ్రినల్ సిర, గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర వీనా కేవాకు ఎంత దగ్గరగా ఉంటుందో, అన్నవాహిక పక్కనుంచి కాలేయానికి వచ్చే సన్న నాళాలు ఎక్కడ దాక్కుంటాయో అక్కడే కళ్లారా చూడాలి.

కఫ్ కోయడం

కఫ్‌ను ఐవీ కాన్యులా గొట్టం నుంచి కోస్తారు. పోర్టల్ సిరకు 14 గేజ్ కాన్యులా చాలామందికి సరిపోతుంది, కింది వీనా కేవాకు, అంటే ఆ పెద్ద సిరలో కాలేయానికి కింద ఉండే భాగానికి, అంతకంటే వెడల్పాటి గొట్టం కావాలి. మీ ఎలుకల బరువును బట్టి రెండు మూడు సైజులు ముందే కోసి పెట్టుకోండి.

మైక్రోస్కోపు కింద 11 నంబరు బ్లేడుతో కోయాలి. గొట్టం భాగం 2 మిల్లీమీటర్లు, దానికి ఒక పక్క తోకలాగా వదిలిన పట్టు ఇంకో 2 మిల్లీమీటర్లు. ఆ పట్టునే క్లాంపుతో పట్టుకుంటారు. గొట్టం బయటి గోడ మీద బ్లేడుతో చుట్టూ సన్నటి గీత గీయండి, లోతుగా కాదు, దారం కూర్చునేంత. ఈ గీత లేకపోతే తడి దారం జారి, సిర కఫ్ మీంచి ఊడొచ్చేస్తుంది. కోసిన అంచును పెద్దగా చూపే లెన్సుతో ఒకసారి పరీక్షించండి. చిన్న పొర లేచి ఉన్నా రక్తం అక్కడ గడ్డకడుతుంది.

సిరను కఫ్ లోపలి నుంచి లాగి, చొక్కా చేతిని పైకి మడిచినట్టు దాని అంచును గొట్టం మీదికి తిరగేసి, 6-0 సిల్కుతో గీత మీద కట్టాలి. దీన్ని గ్లోవు వేలి నుంచి కోసిన సన్నటి గొట్టం మీద, ఆ తర్వాత కోడి సిర మీద సాధన చేయండి. గ్లోవు రబ్బరు సాగుతుంది కాబట్టి తేలికనిపిస్తుంది, సిర అలా సాగదు. అసలు కష్టం తిరగేసేటప్పుడు సిర మెలిక పడకుండా చూడటంలో ఉంది. సిర మీద పైభాగం ఏదో గుర్తు పెట్టుకుని, కఫ్ పట్టు ఎప్పుడూ ఒకే దిక్కున ఉండేలా అలవాటు చేసుకోండి.

దాత ఎలుక

ఇక్కడ తొందర వద్దు, గడియారం ఇంకా మొదలవలేదు. ఐసోఫ్లూరేన్ మత్తులో పొట్ట తెరిచి, కాలేయాన్ని పట్టి ఉంచే పొరలు కోసి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర (డయాఫ్రమ్) నుంచి వచ్చే ఎడమ ఫ్రెనిక్ సిరను కట్టండి. పిత్తనాళంలో 22 లేదా 24 గేజ్ కాన్యులా నుంచి కోసిన 4–5 మిల్లీమీటర్ల స్టెంట్, అంటే చిన్న గొట్టం, పెట్టి కట్టాలి. కుడి మూత్రపిండ సిర, కుడి ఎడ్రినల్ సిర, పోర్టల్ సిరలో కలిసే చిన్న సిరలు ఒక్కొక్కటిగా కట్టుకుంటూ రండి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చాక చల్లని ద్రావణాన్ని మెల్లగా ఎక్కించి కాలేయాన్ని కడగండి. సమంగా లేత గోధుమ రంగులోకి మారాలి. ఎక్కడైనా ఎర్రటి మచ్చ మిగిలితే ఆ భాగం కడగబడలేదని అర్థం. సిరంజీని గట్టిగా తోయకండి, ఒత్తిడికి లోపలి కణాలు దెబ్బతింటాయి, పైకి మాత్రం కాలేయం శుభ్రంగానే కనిపిస్తుంది. తీసిన కాలేయం 4 డిగ్రీల దగ్గర ఐస్ గిన్నెలో ఉండాలి, కఫ్‌లు తొడిగే పని కూడా ఆ చల్లదనంలోనే జరగాలి. మహబూబ్‌నగర్ మే నెలలో ఐస్ ఎంత త్వరగా కరుగుతుందో తెలుసు కదా, రెండో గిన్నె సిద్ధంగా పెట్టండి.

పనిని నాలుగు ముక్కలు చేయండి

గ్రహీత ఎలుకలో సిరలన్నీ విడదీసి, దారాలు వేసి, కొత్త కాలేయం పక్కన ఐస్‌లో సిద్ధంగా ఉన్నాకే క్లాంపు వేయాలి. క్లాంపు పడగానే ఒకరు టైము చూస్తూ పైకి చెబుతూ ఉండాలి. ఆపరేషన్ చేసే మనిషి గడియారం వైపు చూడకూడదు.

మొదటి ముక్క: పాత కాలేయం తీయడం. కింది వీనా కేవాకు, తర్వాత పోర్టల్ సిరకు, ఆ తర్వాత కొంచెం డయాఫ్రమ్‌తో కలిపి పై వీనా కేవాకు, అంటే కాలేయానికి పైన ఉండే భాగానికి, క్లాంపులు. డయాఫ్రమ్‌ను ఎక్కువగా లాగితే చిరిగి ఛాతీలోకి గాలి పోతుంది, ఊపిరి ఆగిపోతుంది. పోర్టల్ సిరను మూశాక, కాలేయం వైపు మిగిలిన సిరలోకి కొంచెం గోరువెచ్చని సెలైన్ ఎక్కిస్తే, అందులో ఉన్న రక్తం గుండె వైపు పోతుంది, వృథా కాదు. 250 గ్రాముల ఎలుక ఒంట్లో ఉండేదే దాదాపు 16 మిల్లీలీటర్ల రక్తం. 2 మిల్లీలీటర్లు పోయినా దానికి పెద్ద నష్టమే.

రెండో ముక్క: పై వీనా కేవా కుట్టు. ఎక్కువ టైము తినేది ఇదే, మీ సాధనలో సగం దీని మీదే పెట్టాలి. 7-0 లేదా 8-0 ప్రోలీన్‌తో రెండు మూలలా రెండు కుట్లు వేసి నిలబెట్టి, వెనక గోడను లోపలి వైపు నుంచి, ముందు గోడను బయటి నుంచి ఆపకుండా కుట్టుకుంటూ రావాలి. కుట్టు కుట్టుకూ దారాన్ని బిగించే పట్టు ఒకేలా ఉండాలి. ఎక్కువ బిగిస్తే నాళం ముడుచుకుని సన్నబడుతుంది, కాలేయం ఉబ్బుతుంది. చివరి ముడికి ముందు సెలైన్ ఎక్కించి గాలి బుడగల్ని బయటికి పంపండి. ఒక్క బుడగ గుండెకు చేరినా అంతే. దీన్ని కూడా కఫ్‌గానో, అయస్కాంత రింగుల జతతోనో కలిపే ప్రయత్నాలు కొన్ని చోట్ల జరిగాయి. మొదట చేత్తో కుట్టడం వచ్చాకే వాటి జోలికి వెళ్లండి, పరికరం దొరకని రోజున చేయే ఆదుకోవాలి.

మూడో ముక్క: పోర్టల్ కఫ్. గ్రహీత సిర అంచుకు రెండు పట్టుదారాలు వేసి తెరిచి ఉంచి, హెపారిన్ కలిపిన సెలైన్ నింపి, కఫ్‌ను జార్చి 6-0 సిల్కుతో కట్టడమే. సాధన ఉన్న చేతికి ఒకటి రెండు నిమిషాల పని. పై వీనా కేవా క్లాంపు, పోర్టల్ క్లాంపు తీయగానే గడియారం ఆగుతుంది. కాలేయం నిమిషంలో సమంగా గులాబీ రంగుకు రావాలి. మచ్చలు మచ్చలుగా ఉంటే సిర మెలిక పడిందేమో చూడండి. పేగులు తిరిగి రంగెక్కుతున్నాయో లేదో కూడా చూడండి.

నాలుగోది కింది వీనా కేవా కఫ్. ఇది కాలేయానికి రక్తం అందాకే చేస్తారు కాబట్టి గడువులోకి రాదు. అయినా ఒంటి కింది భాగం రక్తం ఇంకా ఆగి ఉంటుంది, నిదానం పనికిరాదు.

ఈ నాలుగింటికీ నాలుగు గళ్లు గీసి, ప్రతి సాధనకూ టైము రాసుకోండి. మొత్తం 24 నిమిషాలైందని రాసుకుంటే ఏమీ తెలియదు. కుట్టుకు 16 పట్టిందని రాసుకుంటే రేపు ఏం సాధన చేయాలో తెలుస్తుంది.

పిత్తనాళాన్ని కలపడం చివర్లో. స్టెంట్ రెండో చివరను గ్రహీత నాళంలోకి జార్చి కట్టాలి. నాళం చుట్టూ ఉన్న మెత్తటి కణజాలాన్ని గీకేయకండి, దానికి రక్తం అందేది అక్కడినుంచే. కమడా పద్ధతిలో కాలేయ ధమనిని కలపరు, ఎలుక అది లేకుండానే బతుకుతుంది. కానీ నెలల తరబడి సాగే ప్రయోగమైతే పిత్తనాళాల్లో మార్పులు రావచ్చు, అలాంటప్పుడు ధమని కూడా కలపడం మేలు. మనుషుల్లోనైతే ధమని కలపకుండా కుదరనే కుదరదు.

మత్తు, వెచ్చదనం

కాలేయం లేని ఆ కాసేపు మందుల్ని విరగ్గొట్టే ముఖ్యమైన అవయవమే ఒంట్లో ఉండదు. అందుకే కాలేయం మీద ఆధారపడే కెటమిన్, జైలజీన్ కంటే, ఊపిరితో బయటికి పోయే ఐసోఫ్లూరేన్ నయం. నిలకడ దశలో 1.5–2 శాతం ఉంటే, క్లాంపులు పడ్డాక బాగా తగ్గించాలి, 0.5 దాకా. తగ్గించినప్పుడల్లా కాలి వేలు నొక్కి చూసి నొప్పి తెలియడం లేదని నిర్ధారించుకోండి.

ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. మన దగ్గర తమాషా ఏమిటంటే బయట 43 డిగ్రీల ఎండ ఉన్నా, ఏసీ గదిలో పొట్ట తెరిచిన ఎలుక చల్లబడిపోతుంది. పైగా ఐస్‌లోంచి తీసిన కాలేయం ఒంట్లో పెడుతున్నాం. వేడి ప్యాడ్, మలద్వారంలో థర్మామీటరు, గోరువెచ్చని రింగర్ లాక్టేట్ తప్పనిసరి. ప్యాడ్‌కూ మైక్రోస్కోపు లైటుకూ యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. కుట్టు మధ్యలో కరెంటు పోతే ఆ 20 నిమిషాలు ఎవరి కోసమూ ఆగవు.

ఆ తర్వాతి రెండు రోజులు

నొప్పి తగ్గించే మందు ఎలుక లేచాక కాదు, లేవకముందే పడాలి. బ్యుప్రెనార్ఫిన్ వాడతారు. అది నార్కోటిక్ చట్టం కిందికి వచ్చే మందు కాబట్టి కొనడానికీ దాచడానికీ కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. మోతాదు మీ పశువైద్యుడు నిర్ణయించాలి. ఈ మందు ఇచ్చిన ఎలుకలు కొన్ని పంజరంలోని రంపపు పొట్టు తినేస్తాయి, అది కడుపులో గడ్డకడుతుంది. మొదటి రోజు పొట్టు తీసేసి మెత్తటి కాగితమో గుడ్డో పరచండి.

రాత్రి ఎవరో ఒకరు ఉండాలి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వీపు గూనిగా, కళ్లు సగం మూసి, కళ్ల చుట్టూ ముక్కు చుట్టూ ఎర్రటి మరక కనిపిస్తే ఎలుక బాధలో ఉన్నట్టు. ఆ ఎరుపు రక్తం కాదు, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే స్రావం. బరువు 20 శాతం పడిపోతే, లేదా మందు ఇచ్చినా లేవలేకపోతే, దాన్ని బాధ లేకుండా పంపేయాలి. ఈ హద్దు ఫారంలోనే రాసి ఉండాలి. "ఇంకో పూట చూద్దాం" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

పోయిన ఎలుకను తప్పకుండా తెరవండి

మొదటి 24 గంటల్లో పోతే ఎక్కువగా రక్తస్రావమో, గడువు దాటడమో, గాలి బుడగో, పోర్టల్ సిర మెలికో కారణమవుతుంది. రెండో రోజు నుంచి వారం లోపు పోతే పిత్తం కారడం, పిత్తనాళం మూసుకుపోవడం, పోర్టల్ సిరలో గడ్డ, ఇన్ఫెక్షన్ వెతకండి. పొట్టలో పసుపు నీళ్లు ఉంటే పిత్తం. నల్లటి గడ్డలు ఉంటే ఏ కట్టు జారిందో దాని పక్కనే దొరుకుతుంది. రక్తం తుడిచిన దూదిని తూకం వేయడం కూడా అలవాటు చేసుకోండి, బరువు పెరిగినంత రక్తం పోయినట్టు, 1 గ్రాముకు ఇంచుమించు 1 మిల్లీలీటరు.

తర్వాతి ఎలుకకు ఒక్క మార్పే చేయండి. కఫ్ సైజూ, దారమూ, మత్తూ మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. వరుసగా చేసిన సాధన ఆపరేషన్లలో ఎలుకలు ఏడు రోజులు దాటి, తింటూ, బరువు పెరుగుతూ ఉండేదాకా అసలు ప్రయోగం మొదలుపెట్టకండి. కుట్టు టైము ఒక చోట ఆగిపోయి తగ్గడం లేదనిపిస్తే, ఎలుకల్ని పక్కన పెట్టి వారం పాటు మళ్లీ కోడి తొడ దగ్గరికి వెళ్లండి.